క్లోజర్ మారుస్తున్నా పడని తలుపు: హనుమకొండలో ఒక కేటరింగ్ కోల్డ్ రూమ్ కేసు

పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు వండి పంపే హనుమకొండ కేటరింగ్ కిచెన్ ఒకదానిలోని కోల్డ్ రూమ్ ఇది. లోపలి కొలత 8 అడుగులు బై 10 అడుగులు, ఎత్తు 8 అడుగులు. గోడలు 80 మి.మీ. పఫ్ ప్యానెల్ (మధ్యలో చలి ఆపే గట్టి నురుగు), రెండు పక్కలా రంగు వేసిన జీఐ రేకు. సెట్టింగ్ 3 డిగ్రీలు. పాలు, పెరుగు, పనీర్, కోసిన కూరగాయలు, మసాలా పట్టించిన చికెన్ అన్నీ ఇందులోనే. తలుపు ఒక్కటే: 34 బై 78 అంగుళాల దారి, ఓవర్‌ల్యాప్ రకం, అంటే రెక్క ఫ్రేమ్ లోపలికి దిగదు, ఫ్రేమ్ ముఖం మీద కూర్చుంటుంది. రెండు క్యామ్ కబ్జాలు, చిటికెన వేలు మందం గ్యాస్కెట్ (రెక్క చుట్టూ సందు మూసే రబ్బరు), బయట హ్యాండిల్, లోపల తోసే సేఫ్టీ నాబ్. పైన మామూలు ఆఫీసు తలుపులకు పెట్టే హైడ్రాలిక్ ఆర్మ్ క్లోజర్, అంటే స్ప్రింగ్‌తో తలుపుని మూసి, ఆయిల్‌తో ఆ వేగం తగ్గించే పరికరం.

ఫిర్యాదు చిన్నదే. తలుపు పూర్తిగా పడదు, ఒకటిన్నర అంగుళం దగ్గర ఆగుతుంది. క్లోజర్ నుంచి ఆయిల్ కారుతోంది. అంతకుముందు కూడా ఇదే కారణంతో మార్చారు. ఓనర్ మాటల్లో: "కొత్తది పెడితే రెండు నెలలు మంచిగనే పడ్తది అన్నా, మళ్ల అదే కథ. కంపెనీ మారిస్తే అయితదా?"

కంపెనీ మారిస్తే కాదు. ఈ కేసు రాయడానికి కారణం అదే. ఆయిల్ కారిన క్లోజర్‌ని విప్పేసి అలాంటిదే ఇంకోటి బిగించడం అరగంట పని. అది ఎందుకు కారిందో చూడకపోతే ఆ అరగంట పని ప్రతి సీజన్‌లో చేస్తూనే ఉండాలి.

ఒకటిన్నర అంగుళం సందు ఎంత పని చేస్తుంది

హ్యాండిల్ పక్క 38 మి.మీ. తెరిచి ఉన్న తలుపుకు నిలువు సందు ఒక్కటే 0.075 చదరపు మీటర్లు. పైనా కిందా వచ్చే మూల సందులు కలిపితే 0.1 దాటుతుంది. గోడకు చదరపు అడుగు కంత పెట్టి రాత్రంతా వదిలేసినట్టు. చల్లగాలి బరువు, కింది నుంచి బయటికి జారుతుంది. దాని జాగాలోకి పై నుంచి వేడిగాలి వస్తుంది. తలుపు పైమూల దగ్గర అగరుబత్తి పొగ పెట్టి చూస్తే లోపలికి, గడప దగ్గర పెడితే బయటికి పోతుంది.

మన దగ్గర చాలామంది మే నెలకు భయపడతారు. వరంగల్ ఎండలో 43 డిగ్రీల గాలి లోపలికి వస్తే కష్టమే. కానీ ఆ గాలి పొడిగా ఉంటుంది. తేమ 20 శాతం అనుకుంటే కిలో గాలిలో నీరు సుమారు 11 గ్రాములు. జూలైలో ముసురు పట్టినప్పుడు 30 డిగ్రీలు, 80 శాతం తేమ అంటే కిలోకు 22 గ్రాములు. 3 డిగ్రీల గదిలో గాలి పట్టుకోగలిగేది 4 గ్రాముల పైన కొంచెం మాత్రమే. మిగతాదంతా గదిని చల్లబరిచే కాయిల్ మీద మంచుగా కూర్చోవాలి. లెక్కకడితే లోపలికి వచ్చే ప్రతి ఘనపు మీటరు గాలికి మేలో 7 గ్రాములు, జూలైలో 20 గ్రాముల నీరు దిగుతుంది. మొత్తం వేడి భారం చూసినా కిలో గాలికి మేలో 58 కిలోజౌళ్లు, జూలైలో 73. అందుకే క్లోజర్ వానాకాలంలో పాడైతే గది ముందు చచ్చుబడుతుంది, ఎండాకాలంలో పాడైతే కరెంటు బిల్లు ముందు పెరుగుతుంది.

ఈ గదిలో వరుస ఇలా ఉంది. 3 డిగ్రీల గదికి మంచు కరిగించే డీఫ్రాస్ట్ హీటర్ విడిగా లేదు. గది చల్లబడి కంప్రెసర్ కట్ ఆఫ్ అయినప్పుడు బ్లోయర్ (కాయిల్ గుండా గాలి తోసే ఫ్యాన్) గాలికే కాయిల్ మీది మంచు కరగాలి. తలుపు సందు వల్ల గది 3 డిగ్రీలకు చేరదు. చేరకపోతే కట్ ఆఫ్ రాదు, రాకపోతే మంచు కరగదు. మంచు పేరుకుంటే కాయిల్ గుండా గాలి పోదు, గది ఇంకా వేడెక్కుతుంది. మేము చూసే సరికి మధ్యాహ్నం గది 9 డిగ్రీలు, కాయిల్ సగం తెల్లగా బిగుసుకుపోయి ఉంది. బ్లోయర్ కింద ట్రే నిండి నేల మీద నీళ్లు. ఆహార భద్రత నిబంధనల ప్రకారం చల్లగా ఉంచాల్సినవి 5 డిగ్రీల లోపు ఉండాలి. పెరుగు, చికెన్ ఉన్న గదికి 9 అంటే ఆడుకునే విషయం కాదు. ఇలాంటప్పుడు మెకానిక్‌ని పిలిస్తే ముందు వచ్చే మాట "గ్యాస్ తక్కువైంది". ఇక్కడా ఆ పని అయిపోయింది, గ్యాస్ ఎక్కించారు. గ్యాస్ సరిగానే ఉండేది.

ఆర్మ్ విప్పి తలుపుని ఒంటరిగా చూడటం

క్లోజర్ ఫిర్యాదు వచ్చినప్పుడు మొదట చేయాల్సిన పని క్లోజర్‌ని పక్కన పెట్టడం. రెండు ఆర్ములు కలిసే చోట ఒక స్క్రూ ఉంటుంది, అది తీస్తే చాలు, బాడీ విప్పనక్కర్లేదు. ఇప్పుడు తలుపు మీద స్ప్రింగ్ లేదు. 90 డిగ్రీలు తెరిచి, తోయకుండా వదిలి చూడాలి.

క్యామ్ కబ్జా ఉన్న తలుపు తనంతట తాను వెనక్కి రావాలి. ఆ కబ్జాలో కింది ముక్క, పై ముక్క వాలుగా కోసి ఉంటాయి. తలుపు తెరిచే కొద్దీ ఆ వాలు మీద ఎక్కి అర అంగుళం దాకా పైకి లేస్తుంది. వదిలితే తన బరువుకే ఆ వాలు మీద జారి మూసుకుంటుంది. లేవడం వల్ల అడుగున ఉన్న రబ్బరు పట్టీ నేలకు రాసుకోదు. వాలు సరిగా ఉంటే క్లోజర్ లేకున్నా తలుపు గ్యాస్కెట్ తగిలే దాకా వచ్చేయాలి. ఈ తలుపు అడుగు దూరంలోనే ఆగిపోయింది.

స్టీల్ స్కేలు నేల మీద నిలబెట్టి మూసినప్పుడు, 90 డిగ్రీలు తెరిచినప్పుడు రెక్క అడుగు ఎత్తు కొలిస్తే తేడా 7 మి.మీ. మాత్రమే. ఇదే రకం కొత్త క్యామ్‌కు 12 రావాలి. కింది కబ్జా చుట్టూ తెల్లటి నైలాన్ పొడి, వాలు మీద వేలితో తడిమితే తెలిసేంత గాడి. పై కబ్జా కొంచెం నయం. కబ్జా అడుగున నల్లటి జిగురు: నేల కడిగే నీళ్లు, సబ్బు, మసాలా దుమ్ము కలిసి సానబట్టే పేస్టులాగా తయారై ఉంది.

రెక్క పై అంచుకు, ఫ్రేమ్ మీద గీసిన గీతకు మధ్య కబ్జా పక్క 5 మి.మీ., హ్యాండిల్ పక్క 9. అంటే తలుపు హ్యాండిల్ వైపు 4 మి.మీ. వాలింది. ఫ్రేమ్‌లో పై కబ్జా మూడు స్క్రూల్లో ఒకటి ఊరికే తిరుగుతోంది.

గ్యాస్కెట్ సంగతి కాగితంతో తేలుతుంది. బిల్లు కాగితం పెట్టి తలుపు చేత్తో గట్టిగా మూసి లాగాలి. బిగుతుగా రావాలి. మూడు పక్కలా రెండు జానలకొకటి చొప్పున చూస్తే హ్యాండిల్ పక్క కింది మూలలో కాగితం దానంతటదే జారింది, అక్కడ రబ్బరు చిరిగి ఉంది. కబ్జా పక్క పైమూలలో మాత్రం రబ్బరు ఉబ్బి మెత్తబడింది. అది క్లోజర్ ఆయిల్ పని. ఈపీడీఎం రబ్బరుకు ఎండ, చలి, నీళ్లు పడతాయి గానీ మినరల్ ఆయిల్ పడదు, పీల్చుకుని ఉబ్బుతుంది. ఉబ్బిన రబ్బరు కబ్జా పక్క తలుపుని బయటికి నెడుతుంది. కబ్జా దగ్గర 2 మి.మీ. నెడితే హ్యాండిల్ దగ్గర అది చాలా రెట్లవుతుంది. కారే క్లోజర్‌ని "ఇంకా కొంచెం పనిచేస్తుంది కదా" అని వదిలేయకూడదనడానికి ఇదొక్కటి చాలు.

క్లోజర్ ఎందుకు కారుతోంది

విప్పిన బాడీని బల్ల మీద పెట్టి చూస్తే ఆయిల్ స్పిండిల్ (ఆర్మ్‌ని తిప్పే ఇరుసు) చుట్టూ వచ్చింది, స్పీడ్ స్క్రూల దగ్గర నుంచి కాదు. ఈ తేడా చూడాలి. స్పీడ్ స్క్రూ దగ్గర కారితే సాధారణంగా ఎవరో స్పీడు పెంచుదామని దాన్ని మరీ వెనక్కి తిప్పి ఉంటారు. కిచెన్‌లలో ఇది తరచూ జరుగుతుంది, స్క్రూడ్రైవర్ అందుబాటులో ఉంటే ప్రతివాడూ ఒక చుట్టు తిప్పుతాడు. స్పిండిల్ దగ్గర కారితే సీలుకు పక్కనుంచి ఒత్తిడి పడుతోందని అర్థం.

ఆ ఒత్తిడి ఎక్కడిదంటే కబ్జా నుంచే. బాడీ తలుపు మీద ఉంది, ఆర్మ్ రెండో కొస ఫ్రేమ్‌కు బిగించి ఉంది. తెరిచిన ప్రతిసారీ తలుపు పైకి లేస్తుంది, ఫ్రేమ్ లేవదు. ఆ తేడా అంతా ఆర్మ్ వంగి, స్పిండిల్‌ని నిలువునా మెలిపెట్టి సర్దుకోవాలి. మామూలు ఆర్మ్ క్లోజర్ ఒకే మట్టంలో తిరగడానికి చేసిన వస్తువు. లేచే కబ్జాలున్న తలుపుకు అది సరిపడదు. ఇక్కడ ఆర్మ్ కింది వైపు రంగు అరిగి ఇనుము మెరుస్తోంది, ఆర్మ్ కొసని ఫ్రేమ్‌కు పట్టే షూ స్క్రూలు రెండూ వదులు, స్పిండిల్‌ని వేళ్లతో ఊపితే కదులుతోంది. కొత్త క్లోజర్ రెండు నెలలు బాగా పనిచేయడం, తర్వాత కారడం ఇందుకే. క్లోజర్‌లో లోపం లేదు, దాన్ని పెట్టిన చోటు తప్పు.

మధ్యలో ఒకరు "బలం చాలట్లేదు" అని పెద్ద సైజు పెట్టారు. యూరప్ ప్రమాణం ఈఎన్ 1154 లెక్కలో సైజ్ 3 అంటే 950 మి.మీ. వెడల్పు, 60 కిలోల తలుపు దాకా. సైజ్ 4 అంటే 1100 మి.మీ., 80 కిలోలు. ఈ తలుపు రేకు, పఫ్, సామానుతో కలిపి 35 కిలోలు దాటదు, సైజ్ 3 చాలు. పెద్ద స్ప్రింగ్ పెట్టడం వల్ల రెండు చేతుల్లో గంగాళం పట్టుకున్న మాస్టర్ భుజంతో తలుపు తెరవలేక, కూరగాయల క్రేటు అడ్డం పెట్టడం అలవాటు చేసుకున్నాడు. తలుపు మూయడానికి పెట్టిన బలమే తలుపు తెరిచి ఉండటానికి కారణమైంది.

ఇంకో సంగతి. ఆర్మ్ క్లోజర్ చివరి పది డిగ్రీల్లో చూపే బలం ఒక తాళం నాలుకని దాటించడానికి సరిపోతుంది. ఇక్కడ దాటాల్సింది నాలుక కాదు, మూడు పక్కలా కలిపి 4.8 మీటర్ల గ్యాస్కెట్‌ని నొక్కాలి.

పెట్టినది ఏ రకం, ఎందుకు

రెండు దారులున్నాయి. కబ్జాలను తలుపుని పైకి లేపని రకానికి మార్చి ఆర్మ్ క్లోజర్ ఉంచుకోవచ్చు. అప్పుడు అడుగు రబ్బరు నేలకు రాసుకుంటుంది, తలుపు తనంతట తాను రాదు, భారమంతా క్లోజర్ మీదే. రెండోది, కబ్జాల పని కబ్జాలకే వదిలి, చివరి రెండు మూడు అంగుళాలకు మాత్రం కోల్డ్ రూమ్ రకం హుక్-రోలర్ క్లోజర్ పెట్టడం. ఎంచుకున్నది ఇదే.

దీనికి పొడవాటి ఆర్మ్ ఉండదు. హ్యాండిల్ పక్క పైమూలలో, బయటి ముఖం మీద బాడీ. దాంట్లో స్ప్రింగ్, ఆయిల్ డ్యాంపర్, రోలర్ ఉన్న పొట్టి లీవర్. ఎదురుగా ఫ్రేమ్ మీద హుక్. కొన్ని మోడళ్లలో బాడీ ఫ్రేమ్‌కు, హుక్ తలుపుకు ఉంటాయి, పెట్టెలో వచ్చే టెంప్లేట్ కాగితం చెప్పినట్టే పోవాలి. తలుపు దూరంగా ఉన్నప్పుడు రెండింటికీ సంబంధమే ఉండదు, కనుక తెరవడానికి బరువు లేదు, కబ్జా ఎంత లేచినా ఎవరినీ మెలిపెట్టదు. దగ్గరికి రాగానే రోలర్ హుక్‌ని పట్టుకుంటుంది, స్ప్రింగ్ తలుపుని లోపలికి లాగుతుంది, ఆయిల్ ఆ లాగుడిని నెమ్మది చేస్తుంది. అమెరికాలో 2009 జనవరి 1 నుంచి తయారయ్యే వాక్-ఇన్ గదులకు చట్టంలోనే ఒక షరతు ఉంది: మూసుకోవడానికి ఒక అంగుళం దూరంలో ఉన్న తలుపుని క్లోజర్ గట్టిగా మూయాలి. 3 అడుగుల 9 అంగుళాల కంటే వెడల్పు లేదా 7 అడుగుల కంటే ఎత్తు ఉన్న తలుపులకు మినహాయింపు. మన దగ్గర పని అప్పజెప్పేటప్పుడు పరీక్షగా పెట్టుకోవడానికి ఈ ఒక్క అంగుళం మంచి కొలత.

ఆర్మ్ క్లోజర్ వరంగల్ చౌరస్తాలో ఏ హార్డ్‌వేర్ షాపులో అడిగినా దొరుకుతుంది. ఈ రకం దొరకదు. హైదరాబాద్‌లో కోల్డ్ రూమ్ సామాను అమ్మే డీలర్ల నుంచి తెప్పించాలి, ధర కూడా ఎక్కువే. ఆర్డర్ ఇచ్చే ముందు తీసుకోవాల్సిన కొలత ఒకటుంది: ఆఫ్‌సెట్. తలుపు గట్టిగా మూసి, రెక్క బయటి ముఖం మీద స్కేలు ఆనించి, అక్కడి నుంచి ఫ్రేమ్ ముఖానికి లోతు కొలవాలి. ఇక్కడ 28 మి.మీ. వచ్చింది. ఫ్లష్ తలుపు (రెక్క ఫ్రేమ్ ముఖం మట్టంలోనే ఉండేది) మోడల్ తెచ్చి ఓవర్‌ల్యాప్ తలుపుకు పెడితే రోలర్ హుక్‌కి అందదు. ప్యాకింగ్ ముక్కలు పేర్చి అందించవచ్చు గానీ ఆ ముక్కలే మొదట వదులవుతాయి. క్యామ్‌లకైతే కబ్జా ఫొటో, రెక్క కుడికి తెరుచుకుంటుందా ఎడమకా, పాత క్యామ్ ఎత్తు, పిన్ను మందం పంపాలి. ఎనుమాముల వైపు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో ఉండే పట్టాల మీద జరిగే తలుపులకు ఇవేవీ వర్తించవు, వాటి లెక్క వేరు.

వాడిన సామాను: హుక్-రోలర్ క్లోజర్ 1, క్యామ్ జత 2 (పైది బాగున్నట్టు కనిపించినా రెండూ ఒకేసారి మార్చాలి, లేకపోతే బరువంతా కొత్త దాని మీద పడుతుంది), ఈపీడీఎం గ్యాస్కెట్ 5.5 మీటర్లు, అడుగు రబ్బరు పట్టీ 1 మీటరు, 3 మి.మీ. మందం ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) 304 పట్టీలు 2, ఎం6 స్టీల్ రివెట్ నట్లు (రేకు రంధ్రంలో బిగుసుకుని బోల్టుకు మర ఇచ్చేవి) 10, ఎం6 ఎస్ఎస్ బోల్టులు, స్ప్రింగ్ వాషర్లు, న్యూట్రల్ రకం సిలికాన్ 1 ట్యూబు, శుభ్రానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్. సిలికాన్ కొనేటప్పుడు వెనిగర్ వాసన వచ్చేది తేకూడదు. అందులోని ఆమ్లం జీఐ రేకుని తింటుంది.

పని జరిగిన వరుస

పని ఆషాఢంలో పెట్టించాం. ముహూర్తాలుండవు, గది దాదాపు ఖాళీ. సీజన్‌లో అయితే తలుపు విప్పిన రెండు మూడు గంటలకు సరుకు ఐస్ పెట్టెల్లోకి మార్చాల్సి వచ్చేది.

ముందుగా ఎంసీబీ ఆఫ్. కంప్రెసర్ ఆగడం కోసమే కాదు. ఫ్రీజర్ తలుపుల ఫ్రేమ్‌లో గ్యాస్కెట్ వెంట హీటర్ వైరు పరుగెడుతుంది, కూలర్లలో కూడా కొందరు పెడతారు. ఫ్రేమ్‌కు డ్రిల్ పెట్టే ముందు అది ఉందో లేదో చూడాలి. ఇక్కడ లేదు, కానీ లోపలి లైటు వైరు హ్యాండిల్ పక్క ఫ్రేమ్‌లోంచే పోతోంది. ఆగి ఉన్న ఈ సమయంలోనే కాయిల్ మీది మంచు కరగనివ్వాలి. స్క్రూడ్రైవర్‌తో పొడిచి మంచు రాల్చేవాళ్లున్నారు, ఒక్క పోటు కాయిల్ ట్యూబుకు తగిలితే క్లోజర్ ఖర్చు చిన్నదనిపిస్తుంది.

తర్వాత కబ్జాలు. తలుపు 90 డిగ్రీలు తెరిచి, హ్యాండిల్ పక్క అడుగున చెక్క దిమ్మ పెట్టి, ఒకరు రెక్క పట్టుకుంటే ఇంకొకరు పైకి ఎత్తి పిన్నుల నుంచి తప్పించాలి. 35 కిలోలే అయినా ఒక్కరు చేయకూడదు, మూల నేలకు తగిలితే రేకు మడత పడుతుంది. పాత క్యామ్‌లు, నల్ల జిగురు తీసి, కొత్తవి ఎక్కించి, ఊరికే తిరుగుతున్న స్క్రూ జాగాలో రివెట్ నట్ వేసి ఎం6 బోల్టు బిగించాం. తలుపు తిరిగి ఎక్కించి కొలిస్తే లేవడం 12 మి.మీ., పై గీతకు రెండు కొసల్లోనూ 5. ఆర్మ్ లేకుండా వదిలితే గ్యాస్కెట్ తగిలే దాకా తానే వచ్చింది.

ఇక్కడే చాలామంది గమనించని విషయం. అరిగిన క్యామ్‌తో తలుపు కిందికి దిగి ఉంటుంది. కొత్త క్యామ్ పెట్టగానే మూసినప్పటి ఎత్తు కూడా మారుతుంది, ఇక్కడ హ్యాండిల్ పక్క 4 మి.మీ. పైకి వచ్చింది. దాంతో పాత అడుగు రబ్బరు నేలకు అందట్లేదు, హ్యాండిల్ నాలుక ఫ్రేమ్ మీది స్ట్రైక్ (నాలుక పడే ముక్క) పై అంచుకు కొడుతోంది. ఈ స్థితిలో క్లోజర్ బిగించి ఉంటే అది నాలుకతో కొట్లాడుతూ ఉండేది. స్ట్రైక్‌ని 4 మి.మీ. ఎత్తి, అడుగు పట్టీ కొత్తది వేసి నేలకు ముట్టీముట్టనట్టు ఆనేలా సర్దాం. గట్టిగా ఆనితే అదే బ్రేకు అవుతుంది.

గ్యాస్కెట్ మార్చేటప్పుడు ఆయిల్ పడిన రేకుని ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడవాలి. ఆయిల్ మీద సిలికాన్ అంటుకోదు, కొత్త రబ్బరుకు పాత ఆయిల్ అంటితే కథ మళ్లీ మొదటికే. మూలల్లో రబ్బరుని లాగి అతికించకూడదు. కొంచెం వదులుగా తోసి పెడితే చలికి కుంచించుకున్నా మూల విడిపోదు. పాత క్లోజర్ రంధ్రాలన్నీ సిలికాన్ నింపి పాప్ రివెట్ వేసి మూసేయాలి. తెరిచి వదిలిన ఒక్క రంధ్రం నుంచి తేమ పఫ్‌లోకి దిగితే లోపల నీళ్లు పట్టి రేకు ఉబ్బుతుంది.

చివరికి క్లోజర్. టెంప్లేట్ కాగితాన్ని తలుపు మూసి ఉన్నప్పుడే అతికించాలి. డ్రిల్ మొదటి రంధ్రానికే తేలింది: రేకు వెనక ప్లేటు లేదు, నేరుగా పఫ్. తయారు చేసినవాళ్లు హ్యాండిల్, కబ్జాల జాగాల్లోనే లోపల ప్లేటు పెట్టారు. అర మి.మీ. రేకుకు సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ వేస్తే మొదటి రోజు గట్టిగానే ఉంటుంది, స్ప్రింగ్ గుంజుడుకు నెలలో రంధ్రం సాగి ఊడుతుంది. ఆరపార బోల్టు వేయడం ఒక దారి. కానీ ఇనుప బోల్టు లోపలి చలిని బయటికి తెస్తుంది, వానాకాలంలో దాని తల చెమట పట్టి రేకు తుప్పు పడుతుంది. అందుకే 3 మి.మీ. ఎస్ఎస్ పట్టీని బాడీ కంటే చుట్టూ రెండు అంగుళాలు పెద్దగా కోసి, అంచులు గుండ్రం చేసి, వెనక సిలికాన్ రాసి, పది పాప్ రివెట్లతో తలుపు రేకుకు పట్టించాం. రివెట్ నట్లు ఆ పట్టీలో వేశాం. ఎం6కి 9 మి.మీ. రంధ్రం. గుంజుడు బలం ఇప్పుడు ఒక్కో స్క్రూ మీద కాకుండా పట్టీ అంతా పరుచుకుంటుంది. పట్టీ మందం ఆఫ్‌సెట్‌కు కలిసిందని మరిచిపోకూడదు. 28 కాస్తా 31 అయింది, కాబట్టి ఫ్రేమ్ మీద హుక్ కింద కూడా 3 మి.మీ. పట్టీ వేస్తే లెక్క మళ్లీ 28కి వచ్చింది.

హుక్ సర్దడం

ఈ పనిలో చేతివాటం చూపించాల్సింది ఇక్కడే. హుక్‌కి పొడుగు రంధ్రాలుంటాయి, లోపలికీ బయటికీ జరుగుతుంది. బోల్టులు సగం బిగించి తలుపు నెమ్మదిగా తోసి చూడాలి.

హుక్ మరీ బయటికి ఉంటే లీవర్ తన ప్రయాణం ముగించేస్తుంది గానీ గ్యాస్కెట్ ఇంకా నొక్కుకోదు. తలుపు మూసుకున్నట్టే కనిపిస్తుంది, కాగితం మాత్రం జారుతుంది. మరీ లోపలికి ఉంటే రోలర్ హుక్ పెదవికి కొట్టుకుని తలుపు వెనక్కి గెంతుతుంది. సరైన చోటు: తలుపు పూర్తిగా మూసుకుని గ్యాస్కెట్ నొక్కుకున్నాక కూడా లీవర్‌కు ఇంకా కొంచెం గుంజే ప్రయాణం మిగిలి ఉండాలి. హ్యాండిల్ పట్టుకుని అర సెంటీమీటరు బయటికి లాగి వదిలితే తలుపు మళ్లీ లోపలికి పోవాలి.

నిలువు మట్టం ఇంకోటి. రోలర్ హుక్‌లో పడేటప్పుడు తలుపు ఇంకా క్యామ్ మీద ఒకటి రెండు మి.మీ. ఎత్తులో ఉంటుంది, ఆ తర్వాతే దిగుతుంది. మూసి ఉన్న స్థితిలో సరిగ్గా మధ్యకు పెట్టి సంతోషపడితే తెరిచి మూసేటప్పుడు రోలర్ పై అంచుకు రాసుకుంటుంది. రోలర్‌కు పైనా కిందా ఖాళీ ఉండేలా రెండు స్థితుల్లోనూ చూడాలి. రోలర్ మీద మార్కర్ పూసి నాలుగుసార్లు మూస్తే హుక్‌లో ఎక్కడ తగులుతోందో రంగు చెప్తుంది.

వేగం విషయంలో దబ్బున పడటం బలం కాదు. దబ్బున పడ్డ తలుపు గ్యాస్కెట్ మీద ఎగిరి సందు వదులుతుంది, కబ్జా స్క్రూలు వదులు చేస్తుంది. స్పీడ్ స్క్రూ ఉన్న మోడల్ అయితే పావు చుట్టు చొప్పున మాత్రమే తిప్పాలి.

పరీక్షలు బ్లోయర్ నడుస్తుండగా ఒకసారి, ఆపి ఒకసారి చేయాలి, ఎందుకంటే బ్లోయర్ గాలి తలుపు మీదికి కొట్టే గదుల్లో ఆ నెట్టుడు ఎక్కువ. 90 డిగ్రీల నుంచి వదలాలి, మూడు అంగుళాల నుంచి వదలాలి, ఒక అంగుళం నుంచి తోయకుండా వదలాలి. తర్వాత ఒకరు లోపలికి వెళ్లి లైటు ఆర్పి, బయటి నుంచి ఇంకొకరు సెల్‌ఫోన్ లైటు గ్యాస్కెట్ చుట్టూ తిప్పితే వెలుతురు వచ్చే చోట సందు. లోపలికి వెళ్లే ముందు సేఫ్టీ నాబ్ పనిచేస్తోందో తలుపు తెరిచి ఉండగానే నొక్కి చూడాలి. కొత్త క్లోజర్ గుంజుడు ఎక్కువ కాబట్టి లోపలి నుంచి ఒక్క చేత్తో తోస్తే తలుపు తెరుచుకుంటుందా అన్నది తప్పనిసరి పరీక్ష. అలా తెరుచుకోకపోతే మిగతా ఏదీ లెక్కలోకి రాదు.

సాయంత్రం అన్నీ సరిపోయాయి. మర్నాడు పొద్దున గది 3 డిగ్రీల్లో ఉండగా చూస్తే ఒక అంగుళం పరీక్షలో తలుపు చివర్లో బద్ధకించింది. కారణం వెతకనక్కర్లేదు, చలికి కొత్త రబ్బరు గట్టిపడింది. హుక్‌ని 2 మి.మీ. లోపలికి జరిపి బోల్టులు పూర్తిగా బిగిస్తే సరిపోయింది. వేడిగా ఉన్న తలుపు మీద చేసిన సర్దుబాటు చివరిది కాదు, గది చల్లబడ్డాక మళ్లీ చూసే దాకా బిల్లు రాయకూడదు.

ఆ తర్వాత గది మధ్యాహ్నాల్లో కూడా 3, 4 మధ్యనే నిలిచింది. కంప్రెసర్ కట్ ఆఫ్ అవుతోంది, కాయిల్ శుభ్రం. ట్రేలో నీళ్లు ఇప్పటికీ వస్తాయి, అది ఆగాల్సిన విషయం కాదు, కరిగి కాలువలో పోవాల్సిన విషయం.

నెల తర్వాత ఎం6 బోల్టులకు ఒకసారి పానా పెట్టాలి, హుక్‌ది ఒకటి పావు చుట్టు తిరిగింది. కబ్జా అడుగున జిగురు పేరుకోకుండా నేల కడిగిన రోజు తడి గుడ్డతో తుడిస్తే చాలు, గ్రీజు పూస్తే మసాలా దుమ్మంతా దానికే అంటుతుంది. ప్రతి వానాకాలం ముందు స్కేలు పెట్టి తలుపు ఎంత లేస్తోందో కొలిచి ఫ్రేమ్ మీదే మార్కర్‌తో రాసి పెట్టమన్నాం: 12 నుంచి 9కి దిగితే క్యామ్‌లు ఆర్డర్ పెట్టాలి, తెప్పించడానికి ఎలాగూ టైమ్ పడుతుంది. క్రేటు అడ్డం పెట్టడం మాత్రం వెంటనే మానలేదు. తెరవడం తేలికైందని తెలిసినా అలవాటు కొద్దీ పెడుతుంటే, సరుకు దించే అరగంట కోసం తలుపు లోపల 200 మి.మీ. వెడల్పు పీవీసీ పట్టీల కర్టెన్ వేయించాల్సి వచ్చింది.